విశ్వవిద్యాలయమున గాజు కొలిమి

గాజు అనగానే మనకు మొదట స్ఫురించునది ముంజేతి ఆభరణము. పదార్థమునకును, దానితో చేసిన నగకును ఒక్కటే పేరు పెట్టుకొన్న మన భాషలో గాజు చేతికి అంతటి దగ్గరి చుట్టము. పాశ్చాత్యదేశములలో మాత్రము యంత్రయుగము ప్రబలిన పిమ్మట గాజు కళాకారుని చేతికి దూరమై, ఒకడు కాగితముపై రూపము గీయగా కర్మాగారములో వేరొక జట్టు దానిని ఊదు పద్ధతి స్థిరపడెను. భావించినవాడే కొలిమి ముందు నిలువవలెనని పట్టుబట్టి ఆ ఎడమును తొలగించినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడు హార్వే లిటిల్టన్.

ఆయన 1922లో న్యూయార్క్ రాష్ట్రమునందలి కార్నింగ్ పట్టణమున జన్మించెను. తండ్రి జెస్సీ లిటిల్టన్ అచటి గాజు కర్మాగారములో భౌతికశాస్త్రవేత్త. ఒకనాడు ఆయన కోసిన బ్యాటరీ జాడీ అడుగుభాగమును ఇంటికి తేగా, ఇల్లాలు అందులో కేకు కాల్చి చూపుటయే పైరెక్స్ వంటపాత్రలకు నాంది. కుమారుడును భౌతికశాస్త్రజ్ఞుడు కావలెనని తండ్రి కోరిక. కుమారుని మనస్సు మట్టిపాత్రలపైకి పోయెను. క్రాన్‌బ్రుక్‌లో ఆ విద్య నభ్యసించి, 1951లో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. కొన్నేండ్లకు ఇటలీలోని మురానో ద్వీపమున చిన్న కొలుములను చూచినది మొదలు, గాజు కరగించుటకు మహాకర్మాగారము అక్కరలేదన్న తలపు ఆయనను విడువలేదు.

1962 మార్చిలో టొలీడో కళాప్రదర్శనశాల ఆవరణలోని ఒక షెడ్డులో ఆ తలపు పరీక్షకు నిలిచెను. మొదట కరగించిన గాజు ఊదుటకు లొంగలేదు. అప్పుడు డొమినిక్ లబీనో అను పరిశోధకుడు కొలిమిని సవరించి, గాజునూలు పరిశ్రమకై చేసిన గోళీలను కరగింపుమని సలహా యిచ్చెను. ఉద్యోగవిరమణ చేసిన హార్వే లీఫ్‌గ్రీన్ అను వృద్ధ పనివాడు వచ్చి, గొట్టము పట్టు తీరు చూపెను.

ఆ తీరు వినుటకు సులభము, చేయుటకు కష్టము. దాదాపు 1100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో పాకమువలె సాగు గాజును బోలు ఇనుపగొట్టపు కొనకు చుట్టుకొని, క్షణమైనను ఆపక త్రిప్పుచు, ఇనుపబల్లపై దొర్లించి, నీట నానిన కొయ్యదొప్పతో గుండ్రముగా దిద్ది, మెల్లగా ఊపిరి నింపవలెను. త్రిప్పుట ఆగెనా, ముద్ద నేలవైపు జారును. చల్లారెనా, మరల మంటలో చూపవలెను. అడుగున వేరొక కడ్డీ అంటించి, గొట్టమునుండి విడదీసి మూతి దిద్దిన పిమ్మట, సుమారు 500 డిగ్రీల వేడిగల పెట్టెలో నుంచి గంటల తరబడి నిదానముగా చల్లార్పవలెను. లేనిచో లోపలి పొరయు వెలుపలి పొరయు సమముగా కుంచించుకొనక పాత్ర పగులును.

అనతికాలమునకే విస్కాన్సిన్‌లో గాజు బోధన ఆరంభమయ్యెను. ఊదుగాజును కళగా నేర్పుటలో అమెరికా విశ్వవిద్యాలయములకు అదియే దారి చూపినది. పగిలిన పాత్రకు నష్టము లెక్కగట్టు యజమాని లేని చోటు గనుక, శిష్యులు నిర్భయముగా తప్పులు చేసిరి. వారిలో మార్విన్ లిపోఫ్‌స్కీ బర్క్‌లీలోను, సామ్ హెర్మన్ లండన్‌లోను ఈ విద్యను నెలకొల్పిరి. నైపుణ్యముకంటె భావమే ముఖ్యమన్న గురువు మతముతో నేను పూర్తిగా ఏకీభవింపజాలను. శిష్యుడు డేల్ చిహూలీయే 1968లో మురానో చేరి, అచటి జట్టుపని చూచి, తదనంతరము తన మహాశిల్పములను పలువురి చేతులతో చేయించెను. అయినను తొలుత ఒంటరిగా కొలిమి ముందు నిలిచిన అనుభవమే లేనిచో, ఆ జట్టుకు ఏమి చెప్పవలెనో ఆయనకు తెలిసియుండెడిది కాదు.

1970 దశకమున బోధన విరమించిన లిటిల్టన్ ఉత్తర కరోలినాలోని స్ప్రూస్ పైన్‌లో స్థిరపడెను. 2013లో 91 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. ఆయన శిల్పములలో నాకు మిక్కిలి ప్రియములు ఆ చాపాకృతులు: రంగుపొరలపై తేట గాజు తొడిగి, వేడి చల్లారకముందే దానిని తన భారముచేతనే వంగనిచ్చినవి. ఏ జారుబాటును నివారించుటకై ఊదువాడు రేయింబవళ్ళు గొట్టము త్రిప్పునో, దానినే ఆయన అచట పిలిచి పనిచేయించుకొనెను.