తొమ్మిది నిమిషాలు

"స్పాట్ ఆర్డరు వచ్చిందా మాస్టారూ?" పదో తరగతి పరీక్షలు ముగింపుకొచ్చే వారంలో టీచర్లు ఎదురుపడితే ముందుగా వినపడే మాట ఇదే. స్పాట్ అంటే జవాబు పత్రాలు దిద్దే పని. "వెళ్తున్నారా" అని ఎవరూ అడగరు. సబ్జెక్టు చెప్పేవాళ్ల జాబితా మండలం నుంచి జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి వెళ్తుంది, అక్కణ్ణుంచి పేర్లు దిగుతాయి. ఇష్టాయిష్టాలతో పని లేదు. గర్భిణులు, జబ్బుపడ్డవాళ్లు కాగితాలు పట్టుకుని మినహాయింపు కోసం తిరుగుతారు. మిగతావాళ్లం ఎర్రపెన్నులు, మంచినీళ్ల సీసా, క్యారేజీ సర్దుకుని తొలి బస్సు ఎక్కుతాం.

ఇన్విజిలేటర్ల సంగతీ ఇంతే. ఆ పని ఎక్కువగా ప్రాథమిక పాఠశాలల ఎస్జీటీల (సెకండరీ గ్రేడ్ టీచర్ల) మీద పడుతుంది. గదికి ఇరవై మందికి పైగా పిల్లలు. ప్రతి ఒక్కరి ఓఎమ్మార్ షీటూ సరైన బిడ్డకే చేరిందా, హాల్ టికెట్ నంబరు సరిపోయిందా, మ్యాపూ గ్రాఫూ జవాబు పత్రంతో కలిపి కట్టారా అని చూడాలి. అదంతా అయ్యాక మూడు గంటల పాటు నిలబడి ఉండాలి. స్క్వాడ్ వచ్చినప్పుడు ఏ బెంచీ కింద చీటీ దొరికినా మొదటి సంజాయిషీ ఇన్విజిలేటరే ఇచ్చుకోవాలి. పరీక్షల్లో అక్రమాలను అరికట్టడానికి 1997లో వచ్చిన 25వ నంబరు చట్టం పేరు తెలియని టీచరు మా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉండరు. ఈ బాధ్యతకు రోజుకు ఇచ్చే సొమ్ము పక్క మండలానికి పోయి వచ్చే ఛార్జీలకే అయిపోయేది. అయినా పిల్లల పరీక్ష కదా అని వెళ్లేవాళ్లే ఎక్కువ.

నేను ఎక్కువ ఏళ్లు చేసింది దిద్దే పని. సోషల్ పేపరు. మూల్యాంకన శిబిరంలో మమ్మల్ని ఏఈలు అంటారు, అంటే అసిస్టెంట్ ఎగ్జామినర్లు. కొందరు ఏఈల మీద ఒక చీఫ్ ఎగ్జామినర్ ఉంటారు. మేం దిద్దినదాంట్లో మార్కులు సరిగా కూడామా, ఏ జవాబైనా వదిలేశామా అని చూడటానికి స్పెషల్ అసిస్టెంట్లు ఉంటారు. మాకు రోజుకు నలభై పేపర్లు. ఉదయం ఇరవై, భోజనం తర్వాత ఇరవై. కట్టలు విప్పడం, లెక్క అప్పజెప్పడం, టీ, భోజనం పోగా చేతికి దక్కేది ఆరు గంటలు. అంటే పేపరుకు తొమ్మిది నిమిషాలు. ఏడాదంతా చదివి మూడు గంటలు కూర్చుని రాసిన దానికి తొమ్మిది నిమిషాలు. డబ్బు కూడా పేపరు లెక్కనే. నేను చేసిన చాలా ఏళ్లు పేపరుకు పది రూపాయల లోపే ఉండేది.

పేపరు లెక్కన కట్టే కూలి మనిషిని ఏం చేస్తుందో నాకు తెలుసు. శిబిరం రేకుల షెడ్డు వేడిలో, మధ్యాహ్నం మూడు దాటాక, ఎంత నిష్ఠ ఉన్నవాడికైనా చెయ్యి వేగం పెంచాలనిపిస్తుంది. పక్క బల్ల వాళ్లు ముప్పైకి వచ్చేశారంటే కన్ను అటే పోతుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఒక పేపరుకు ముప్పై ఒకటి వేసి పక్కన పెట్టాను. నూటికి ముప్పై ఐదు వస్తేనే పాస్. కాసేపటికి స్పెషల్ అసిస్టెంటుగా వచ్చిన ఒక చిన్న వయసు టీచరమ్మ ఆ పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, దీంట్లో మ్యాపు ఉందండీ" అంది. నాలుగు ఖాళీ పేజీల తర్వాత, చివర, దారంలో ఇరుక్కుని, మడిచి ఉంది. విప్పి చూశాను. నర్మదా నదిని పెన్సిలుతో ఒత్తి ఒత్తి గీశాడో గీసిందో. ఒకచోట తప్పు పోతే చెరిపిన గుర్తుకు కాగితం పలచబడింది. చోటానాగపూర్ పీఠభూమికి చుట్టూ గీత గీసి లోపల అడ్డగీతలు కొట్టి, పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. మ్యాపుకు ఆరు వచ్చాయి. ముప్పై ఏడు.

ఆ సాయంత్రం బస్సులో నాకు ఊపిరాడలేదు. తప్పు నాది, అందులో సందేహం లేదు. దాన్ని పట్టుకున్న ఆ అమ్మాయికి పేపరు లెక్కన కాదు, రోజు లెక్కన ఇస్తారు. తొందరపడాల్సిన అవసరం ఆమెకు లేదు. ఈ తేడా నా మనసులోంచి ఇంతవరకూ పోలేదు.

ఇలాంటి తప్పు నా ఒక్కడిదే కాదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు ఒక అమ్మాయికి తెలుగులో 99 రావలసింది సున్నా పడింది. దిద్దిన అధ్యాపకురాలికి 5,000 రూపాయల జరిమానా వేశారు. ఆ ఏడు ఫలితాలు వచ్చాక పిల్లల ఆత్మహత్యలతో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనందరికీ గుర్తే. జరిమానా తప్పని నేను అనను. కానీ ఒక్కో పేపరుకు ఎంత సమయం ఇస్తున్నామో, ఆ సమయానికి ఎంత వెల కడుతున్నామో కూడా అదే బల్ల మీద పెట్టి మాట్లాడాలి.

ఇంకో లెక్క చూడండి. ఫలితాలయ్యాక పదో తరగతి పేపరు మళ్లీ చూపించుకోవాలంటే తల్లిదండ్రులు సబ్జెక్టుకు వెయ్యి రూపాయలు కట్టాలి. రెండోసారి చూడటానికి వెయ్యి తీసుకునే వ్యవస్థ, నేను దిద్దిన చాలా ఏళ్లు, మొదటిసారి చూసినవాడి చేతిలో పది కూడా పెట్టలేదు. కూలి తల్లిదండ్రులకు ఆ వెయ్యి మూడు రోజుల సంపాదన. నాలుగు మార్కులతో పోయిన తమ బిడ్డ పేపరులో ఒక మ్యాపు మడతలో ఉండిపోయిందేమోనని వాళ్లకు అనుమానం కూడా రాదు.

ఏఈలకూ రోజు కూలే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. పేపర్లు ముప్పైకి తగ్గించాలి. "రోజు లెక్కన ఇస్తే పని సాగదీస్తారు" అని అంటారు. సాగితే రెండు రోజులు సాగుతుంది, సాగనివ్వండి. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఎంత ఇస్తారో, ఏ తేదీకి ఇస్తారో అందులో రాయాలి. ప్రైవేటు బడుల్లో పనిచేసే వాళ్లను పిలిస్తే, శిబిరానికి వచ్చిన రోజులకు అక్కడ జీతం కోత పడకుండా చూడాలి.

నేను మ్యాపు వదిలేసిన ఆ ఏడు స్పాట్ డబ్బులు దసరా సెలవుల్లో పడ్డాయి. అప్పటికి ఆ బిడ్డ ఇంటర్ మొదటి సంవత్సరం సగం చదివేసి ఉంటుంది.