తెల్లబోయిన చార్టు

"నా మెషిన్‌లో బాగానే వస్తోందండీ" అన్న మాటతో మొదలయ్యే డీబగ్గింగ్ పని ఇది. డెవలప్‌మెంట్‌లో నిటారుగా నిలబడ్డ బార్ చార్టు ప్రొడక్షన్ బిల్డ్‌లో తెల్లకాగితం!

2021లో వచ్చిన చార్ట్.జెఎస్ 3వ వెర్షన్ నుంచి, కావలసిన భాగాలే తెచ్చుకుంటే, స్కేళ్లనూ ఎలిమెంట్లనూ మనమే రిజిస్టర్ చేసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ ఉండే ఫైలు పైకి ఏమీ ఎగుమతి చేయదు. ప్యాకేజ్.జేసన్‌లో ఎవరో ఎప్పుడో 'సైడ్‌ఎఫెక్ట్స్ ఫాల్స్' అని రాసి ఉంటే, వాడని కోడ్‌ను తీసేసే ట్రీషేకింగ్‌లో వీట్ బిల్డ్ పొల్లుతో పాటు గింజనూ చెరిగేస్తుంది. డెవ్ సర్వర్ చాట పట్టదు, అక్కడ చార్టు భేషుగ్గా వస్తుంది.

చేయి తిరిగినవాళ్లు వెంటనే కోడ్ ముట్టుకోరు. నాకు ముచ్చటేసేది అదే. కన్సోల్ చదువుతారు. ట్రీషేకింగ్ ఒక్కటే ఆపి మళ్లీ బిల్డ్ చేస్తారు. చార్టు లేచిందా, దొంగ దొరికినట్టే. (మినిఫికేషన్‌ను ముందే తిట్టడం మాలాంటివాళ్ల అలవాటు.)

చివరికి మారేది ఒక్క లైను. మేనేజరు చూసి "ఇంతేనా?" అంటాడు.