అతుకులు దాచని చరిత్ర

ఢిల్లీలోని మునిర్కా సందుల్లో అద్దెకుండే తెలుగు పిల్లల్లో సివిల్స్‌కు చదివేవాళ్లు ఎక్కువ. బల్ల మీద లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం, బేర్ సరాయ్‌లో కొన్న ఫొటోస్టాట్ నోట్సు, గోడకు భారతదేశ పటం. రాత్రి భోజనమయ్యాక ఫోన్‌లో వాళ్లు చూసే వాటిలో ఒకటి తప్పకుండా ఉంటుంది: 'భారత్ ఏక్ ఖోజ్'. పరీక్షలో ప్రాచీన చరిత్రకు పనికొస్తుందని మొదలుపెడతారు. నాలుగైదు భాగాలయ్యేసరికి పరీక్ష సంగతి పక్కకు పోతుంది. వీళ్లెవరూ పుట్టకముందు దూరదర్శన్ కోసం తీసిన సీరియల్‌కు ఇంత పట్టు ఎక్కడిదో తెలియాలంటే, దాన్ని భాగాలుగా విప్పి చూడాలి.

ముందు దాని పుట్టుక. 1942లో క్విట్ ఇండియా తీర్మానం తర్వాత అరెస్టయిన నెహ్రూను అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. అక్కడ 1944లో ఐదు నెలల్లో ఆయన రాసిన 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' 1946లో అచ్చయింది. నెహ్రూ శతజయంతి దగ్గరపడుతున్న రోజుల్లో దాన్ని తెరకెక్కించే పని శ్యామ్ బెనగళ్ చేతికి వచ్చింది. ఆయన మనవాడే. 1934లో సికింద్రాబాద్ పక్కన తిరుమలగిరిలో పుట్టి, హైదరాబాద్‌లో చదువుకుని, 'అంకుర్', 'నిశాంత్' సినిమాల్లో తెలంగాణ పల్లెను తీసినవాడు. 2024 డిసెంబరులో కన్నుమూశాడు. సీరియల్ 53 భాగాలు, ఒక్కొక్కటి దాదాపు గంట. 1988లో ప్రసారం మొదలైంది.

అప్పటికి దూరదర్శన్‌లో ఎన్ని రకాలు వచ్చాయో తలచుకుంటే ఆశ్చర్యమే. 1984లో మధ్యతరగతి ఇంటి కథ 'హమ్ లోగ్'. ఆ తర్వాత దేశ విభజనలో చెదిరిన కుటుంబం 'బునియాద్'. ఆర్.కె. నారాయణ్ కథలతో శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్'. గోవింద్ నిహలానీ 'తమస్'. రామానంద్ సాగర్ 'రామాయణ్', బి.ఆర్. చోప్రా 'మహాభారత్'. ఇంకోవైపు డాక్యుమెంటరీలు. బెనగళ్ ఈ రెండు గాడుల్లో ఏ ఒక్కదాన్నీ ఎంచుకోలేదు. రెండింటినీ ఒకే గంటలో నడిపాడు. పైగా ఎక్కడ డాక్యుమెంటరీ ఆగి నాటకం మొదలవుతుందో ఆ అతుకును ప్రేక్షకుడికి తెలియనిచ్చాడు. ఈ సీరియల్ పనితనమంతా ఆ అతుకుల దగ్గరే ఉందని నా నమ్మకం.

ప్రతి భాగంలో మూడు గొంతులుంటాయి. మొదటిది నెహ్రూది. రోషన్ సేథ్ ఆ పాత్ర వేశాడు. అటెన్‌బరో 'గాంధీ'లోనూ నెహ్రూ ఆయనే. ఆయన కెమెరా వైపు చూస్తూ, ఆలోచిస్తూ, ఆగి ఆగి మాట్లాడతాడు. రెండోది ఓం పురి గొంతు. శిల్పాల మీద, శిథిలాల మీద కెమెరా కదులుతుంటే వివరం చెప్పే వ్యాఖ్యాత ఆయన. మూడోది నటులు ఆడే నాటకం. ఈ మూడింటికీ పనుల పంపకం కచ్చితంగా జరిగింది. ఒక కాలాన్ని చూసి ఏమనిపించిందో నెహ్రూ చెబుతాడు. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది అన్నది వ్యాఖ్యాత చెబుతాడు. ఆనాటివాళ్లు తమ గురించి తాము ఏం చెప్పుకున్నారో నాటకం చూపిస్తుంది. అభిప్రాయం, ఆధారం, కథ ఒకదాని చోట ఒకటి దూరవు.

బీబీసీలో 1969లో వచ్చిన 'సివిలైజేషన్'తో పోల్చి చూస్తే దీని తెలివి బాగా అర్థమవుతుంది. అందులో కెనెత్ క్లార్క్ అనే పండితుడే స్వయంగా కట్టడాల మధ్య నిలబడి చెబుతాడు. ఆయన మాటే ప్రమాణం. బెనగళ్ చేతిలో ఉన్న వక్త 1964లోనే చనిపోయాడు. ఆయన్ను ఒక నటుడు ఆడాలి, కాబట్టి వక్త కూడా ఒక పాత్రే అవుతాడు. జైల్లో కూర్చుని తన దేశాన్ని వెతుక్కుంటున్న ఒక మనిషి, 1944 నాటికి ఆయనకు తెలిసినంత మేరే మాట్లాడతాడు. ఆయన తర్వాత పెరిగిన పరిజ్ఞానాన్ని అందుకోవడానికి వ్యాఖ్యాత గొంతు ఉంది. పుస్తకాన్ని దిద్దకుండానే పుస్తకం పక్కన నేటి చరిత్రను నిలబెట్టడానికి ఇంతకన్నా పొందికైన ఏర్పాటు నాకు తోచదు.

మొదటి భాగం పేరు 'భారత్ మాతా కీ జై'. ఆ నినాదమిచ్చిన రైతులను భారతమాత అంటే ఎవరని నెహ్రూ అడిగే ఘట్టం పుస్తకంలోనూ ప్రసిద్ధమే. చివరికి ఒక జాట్ రైతు, అది ధరిత్రి అని జవాబిస్తాడు. మునిర్కా జాట్ల ఊరే. చుట్టూ ఉన్న పొలాలు పోయి జేఎన్‌యూ, రామకృష్ణాపురం, వసంత్ విహార్ వచ్చాయి. ఇక్కడి గదిలో కూర్చుని ఆ జవాబు వింటే అది ఇంకాస్త బరువుగా తగులుతుంది.

ఇక పేర్లు పడేటప్పుడు వినిపించే సంగీతం. వనరాజ్ భాటియా కూర్చాడు. లండన్ రాయల్ అకాడమీలో, ఆ తర్వాత పారిస్‌లో నాదియా బూలాంజే దగ్గర చదువుకున్నవాడు. ఆయన ఎత్తుకున్న సాహిత్యం రుగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం. సృష్టికి ముందు ఉండటమూ లేకపోవడమూ రెండూ లేవని మొదలై, ఇదంతా ఎలా పుట్టిందో పైనున్నవాడికి తెలుసేమో, ఆయనకూ తెలియదేమో అన్న సందేహంతో ఆగే సూక్తమది. సంస్కృతం వినిపించాక అదే భావం హిందీలో వస్తుంది. హిందీ చేసింది వసంత్ దేవ్. ఒక గొంతు కాదు, బృందం పాడుతుంది. పాశ్చాత్య బృందగానంలో గొంతులను పొరలుగా పేర్చే విద్య భాటియాకు కరతలామలకం. ఇక్కడ దాన్ని వేదమంత్రం బరువు తగ్గకుండా వాడాడు. ఆఖర్న పేర్లు పడేటప్పుడు హిరణ్యగర్భ సూక్తం. ఏ దేవుడికి హవిస్సు అర్పించాలన్న ప్రశ్న అందులో పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. అంటే ప్రతి గంటా ఒక ప్రశ్నతో తెరుచుకుని ఇంకో ప్రశ్నతో మూసుకుంటుంది. 'ఖోజ్', అంటే వెతుకులాట, అన్న పేరుకు తగిన తలుపులు ఇవే.

మహాభారతం రెండు భాగాలను దగ్గరగా చూడాలి. సీరియల్ మొదలైన 1988లోనే, అక్టోబరులో, ఇదే దూరదర్శన్‌లో, చోప్రా మహాభారతం మొదలైంది. కిరీటాలు, రథాలు, ఆకాశంలో ఢీకొనే బాణాలు. బెనగళ్‌కు అదే కథ రెండు గంటల్లో చెప్పాలి, అదీ ఒక చరిత్ర సీరియల్ మధ్యలో. ఆయన ఛత్తీస్‌గఢ్ నుంచి తీజన్ బాయిని పిలిపించాడు. ఆమెది పండవాని. మన బుర్రకథకు చుట్టం అనుకోవచ్చు. కథకురాలు చేతిలో నెమలి ఈకలు కట్టిన తంబూరాతో నిలబడి చెబుతుంది. పక్కన హార్మోనియం, తబలా. వంత పాడేవాణ్ని రాగీ అంటారు. మన వంతగాళ్లలాగే ఊ కొడతాడు, మధ్యలో ప్రశ్న వేస్తాడు, కథను ముందుకు తోస్తాడు. ఆమె చేతిలో ఆ తంబూరాయే భీముడి గద, అదే అర్జునుడి విల్లు. పాత్ర మారినప్పుడల్లా నిలబడే తీరు, గొంతు, కనుబొమ్మలు మారిపోతాయి. మళ్లీ క్షణంలో కథకురాలై రాగీ వైపు తిరుగుతుంది.

ఆమె కథనాన్ని, నటులు ఆడిన దృశ్యాలను కలిపి అల్లడంతో ఏం జరిగిందో గమనించండి. ఇది జరిగిందని సీరియల్ అనదు. దీన్ని ఈ దేశం ఇలా చెప్పుకుంటూ వస్తోందని అంటుంది. ఎక్కడో రాసి ఉన్న గ్రంథంగా కాక, నోటి నుంచి నోటికి నడిచే కథగా మహాభారతాన్ని నిలబెడుతుంది. వ్యాఖ్యాత ఒక్క వాక్యంలో చెప్పగలిగిన సంగతే. కానీ తంబూరా గదగా మారడం చూశాక ఆ వాక్యం అక్కర్లేదు.

తక్కిన చోట్లా ఇదే సూత్రం. ఆధారం ఏ రూపంలో ఉంటే ప్రదర్శన ఆ రూపం తీసుకుంటుంది. సంగం కాలానికి వచ్చేసరికి రాజుల జాబితా వదిలేసి కణ్ణగి కథ 'శిలప్పదికారం' రెండు భాగాలు తీసుకుంది. గుప్తుల కాలానికి కాళిదాసు శాకుంతలం. ఢిల్లీ సుల్తానుల దగ్గర పని మరీ సున్నితం. పృథ్వీరాజ్ గురించి 'రాసో', అల్లావుద్దీన్ చిత్తోడ్ ముట్టడి గురించి జాయసీ 'పద్మావత్' ఉన్నాయి. ముట్టడి 1303లో జరిగింది, జాయసీ కావ్యం 1540లో వచ్చింది. బెనగళ్ వాటిని కావ్యాలుగానే చూపించాడు, చరిత్ర కాగితాలుగా కాదు. ఆ మధ్యనున్న రెండు శతాబ్దాల పైచిలుకు దూరం ప్రేక్షకుడి కళ్లముందే ఉంటుంది. ఆ భాగం చూసినవాళ్లు మునిర్కా నుంచి హౌజ్ ఖాస్ దాకా నడిచి వెళ్లవచ్చు. అక్కడి చెరువు తవ్వించింది ఆ అల్లావుద్దీనే.

కెమెరా వి.కె. మూర్తిది. గురుదత్ 'కాగజ్ కే ఫూల్'కు వెలుగునీడలు దిద్దిన చెయ్యి. కళాదర్శకుడు నితీశ్ రాయ్. రచన షమా జైదీ, అతుల్ తివారీ మొదలైనవాళ్లది. సైన్యాలను చూపించేంత డబ్బు టీవీకి ఉండదు, అందుకని కథ యుద్ధరంగం కన్నా సభలో, మంతనాల్లో, ఇద్దరి మధ్య సంభాషణలో ఎక్కువ నడుస్తుంది. అలాంటి చోట వెలుతురే ముఖ్యం. నటులు కూడా ఒక నాటక సమాజంలా మళ్లీ మళ్లీ వస్తారు. సలీం ఘౌస్ రాముడు, కృష్ణుడు, టిప్పు సుల్తాన్ కూడా. నసీరుద్దీన్ షా శివాజీ. వ్యాఖ్యాత ఓం పురి ఔరంగజేబుగా వస్తాడు. నిన్నటి ముఖం ఇవాళ ఇంకో వేషంలో కనిపిస్తే, చూసేది నాటకమన్న సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది. పొదుపు కోసం చేసిన ఏర్పాటు కూడా కథన పద్ధతికి బలమైంది.

నడక నెమ్మది, హిందీ కాస్త బరువు. ఒక్కో చోట సెట్టు సెట్టులాగే కనిపిస్తుంది. ఇవేవీ నన్ను ఆపలేదు. తెలుగువాళ్లకు విజయనగర పతనం భాగం ప్రత్యేకంగా చూడదగ్గది.

తర్వాత 1990లలో బెనగళ్ దూరదర్శన్‌కే 'అమరావతీ కీ కథాయే' తీశాడు. శంకరమంచి సత్యం నూరు 'అమరావతి కథలు' దానికి మూలం. ఆ కథలు ఒక్కోటి మూడు నాలుగు పేజీలు. కృష్ణ ఒడ్డున ఒక మనిషి, ఒక సంఘటన, అంతే. అక్కడ వ్యాఖ్యాత అక్కర్లేదు, ఆధారాల గొడవ లేదు.

2014లో రాజ్యసభ టీవీకి తీసిన 'సంవిధాన్'లో మాత్రం పాత పద్ధతి కొత్త రూపం దాల్చింది. పది భాగాలు. రాసింది మళ్లీ షమా జైదీ, అతుల్ తివారీ. ఈసారి ఆధారం పాటా కాదు, కావ్యమూ కాదు. రాజ్యాంగ సభ 11 సమావేశాల్లో, 165 రోజులు మాట్లాడిన మాటలు అచ్చైన సంపుటాలు. సభ్యులు కదలరు, యుద్ధం లేదు, ఫలితం అందరికీ తెలుసు. ఇందులోంచి నాటకం ఎలా తీయాలి? వాదనే సంఘటనగా తీశారు. ఒకరు లేచి ప్రతిపాదిస్తారు, ఇంకొకరు సవరణ తెస్తారు, అంబేడ్కర్‌గా సచిన్ ఖేడేకర్ సమాధానమిస్తాడు. వినేవాళ్ల ముఖాల్లోనే మలుపులు. టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి, రంగా, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూర్చున్న సభ అది. నెహ్రూ స్థానంలో, మనల్ని ఒక చర్చ నుంచి మరో చర్చకు తీసుకెళ్లే మనిషిగా, స్వరా భాస్కర్ వస్తుంది. మునిర్కాకు ఆనుకుని ఉన్న జేఎన్‌యూలోనే సోషియాలజీ చదివిన నటి. ఆమె వేషం వేయదు, మన కాలపు బట్టల్లో, మన కాలపు గొంతుతో మాట్లాడుతుంది. అప్పటి మాట ఎక్కడ ఆగిందో, ఇప్పటి మాట ఎక్కడ మొదలైందో ఆమె రాకతోనే తెలిసిపోతుంది.

'భారత్ ఏక్ ఖోజ్', 'సంవిధాన్' రెండూ యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. కొత్తగా చూసేవాళ్లు మొదటి భాగం తర్వాత వరుస తప్పి నేరుగా మహాభారతం భాగాలకు వెళ్లినా నష్టం లేదు. తీజన్ బాయిని చూశాక అదే ఊపులో 'సంవిధాన్' పెట్టండి. ఒకచోట ఒక్క మనిషి సభ మొత్తాన్ని ఆడుతుంది, ఇంకోచోట సభ మొత్తం ఒక్క పుస్తకం కోసం వాదించుకుంటుంది. రెండు చోట్లా తీసినవాడు ఒకడేనని ఇట్టే పోల్చుకోవచ్చు.