దేహానికి శాతం, భవనానికి టిక్కు: సుగమ్యత కొలమానాలు – సిద్దిపేట నేపథ్యం

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఉద్దేశించిన అనేక ప్రయోజనాలు పొందాలంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరం ఇచ్చిన ఆ అంకెపైనే పింఛను, రిజర్వేషన్ ఆధారపడ్డాయి. 39కీ 40కీ మధ్య ఒక కుటుంబపు నెలసరి జమాఖర్చు ఉంటుంది. మోకాలి వంపును, వినికిడి స్థాయిని ఇంత నిశితంగా లెక్కించే వ్యవస్థ, ఆ మనిషి ఎక్కవలసిన మెట్లను ఆ నిశితత్వంతో లెక్కించదు. ఒక భవనం ఎంత శాతం అవరోధమో తెలిపే పత్రం ఏ కార్యాలయంలోనూ జారీ కాదు.

2015 డిసెంబర్ 3న ప్రారంభమైన సుగమ్య భారత్ అభియాన్ భవనాల తనిఖీకి ఊతమిచ్చింది. అయితే ఇటువంటి తనిఖీ పత్రాల్లో ప్రశ్న తరచుగా 'ఉందా, లేదా' అన్న రూపంలోనే ఉంటుంది. ర్యాంపునే తీసుకుంటే, దాని వాలు 1:12 కంటే నిటారుగా ఉండరాదన్నది స్థిరపడిన ప్రమాణం. నాలుగు మెట్ల ఎత్తు, అంటే సుమారు 600 మిల్లీమీటర్లు ఎక్కడానికి కనీసం 7.2 మీటర్ల పొడవు కావాలి. స్థలం చాలదని మూడు మీటర్లలోనే ముగిస్తే వాలు 1:5 అవుతుంది. చక్రాల కుర్చీలోని వ్యక్తిని వెనుక నుంచి మరొకరు నెట్టక తప్పదు. ఇక్కడ టిక్కు అబద్ధం చెప్పడం లేదు. అది అడిగిన ప్రశ్నే చిన్నది.

సిద్దిపేట ఈ చర్చకు తగిన క్షేత్రం. 2016 అక్టోబర్ 11న జిల్లాగా ఏర్పడిన తర్వాత 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల, 2021లో దుద్దెడ వద్ద సమీకృత కలెక్టరేట్, 2023 అక్టోబర్‌లో రైలు వచ్చాయి. పాత భవనాల మార్పులకు చట్టంలోని 45వ సెక్షన్ ఇచ్చిన ఐదేళ్ల గడువు వీటికి సాకు కాజాలదు. నియమాలు పాటించని నిర్మాణానికి అనుమతి గాని, పూర్తి ధ్రువపత్రం గాని ఇవ్వరాదని 44వ సెక్షన్ చెబుతుంది. పైగా కలెక్టరేట్ పట్టణానికి వెలుపల ఉంది. తనిఖీ ప్రహరీ గోడ లోపలే ఆగితే బస్సు దిగిన చోటి నుంచి గేటు వరకు ఉన్న దారి ఎవరి లెక్కలోకీ రాదు.

ఆరోగ్యం విషయంలో ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. కోమటిచెరువు కట్ట నేడు పట్టణ ప్రజల విహారస్థలం. నడకదారి పొడవును బట్టి ఆరోగ్య ప్రయోజనాన్ని అంచనా వేయడం సులభం. ఎవరు అక్కడికి చేరగలుగుతున్నారు, ఒకసారి వచ్చినవారు మళ్లీ వస్తున్నారా అన్నది అడగడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నాటి వర్గీకరణ ఈ రెండో దిశలో ఒక అడుగు వేసింది. అందులో పరిసరాన్ని సహాయకంగానో, అవరోధంగానో సున్నా నుంచి నాలుగు వరకు స్థాయుల్లో గుర్తిస్తారు. ఫుట్‌పాత్ అంచును రోడ్డుకు సమంగా వాలుగా చేస్తే చక్రాల కుర్చీకి మేలు. కాలికి తెలిసే గరుకు పలకలు లేకపోతే చూపులేని వ్యక్తికి అదే అపాయం. ఒకే వాలుకు రెండు విరుద్ధ మార్కులు! సగటు తీస్తే ఇద్దరూ మాయమవుతారు. కనుక ఒక స్థలానికి ఒకే ర్యాంకు ఇచ్చే పద్ధతిని పరిశోధకులు అనుమానించవలసిందే.

రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న 2017 నియమాల్లోని 15(1)ను చెల్లనిదిగా ప్రకటించి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను సిద్ధం చేసినది సిద్దిపేటకు వెళ్లే రాజీవ్ రహదారి మీది శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే. ప్రమాణం తప్పనిసరి కావడం పెద్ద మార్పు. కానీ టేపు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నను అది పరిష్కరించదు. 48వ సెక్షన్ దివ్యాంగులకు సంబంధించిన పథకాల సామాజిక తనిఖీని ఇప్పటికే ఆదేశిస్తోంది. దానిని చెరువు కట్టకూ కలెక్టరేట్ దారికీ వర్తింపజేసి, తనిఖీ బృందంలో దివ్యాంగులనే కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు.