వద్దనే వీలు

పిల్ల ముద్దుగా ఉంది, మోడలింగ్‌కి పంపకూడదా అని చుట్టాలో పక్కింటివాళ్లో అనడం ఇప్పుడు మామూలైంది. పంపాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాలి. పంపదలిస్తే మాత్రం రిజిస్ట్రేషన్ అనీ, పోర్ట్‌ఫోలియో అనీ, ర్యాంప్ శిక్షణ అనీ ఎవరడిగినా ముందుగా డబ్బు కట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను. మోసపోతామన్న భయం ఒక్కటే కారణం కాదు. వేలకు వేలు కట్టిన తల్లిదండ్రులకు ఆ సొమ్ము రాబట్టుకోవాలన్న ఆత్రం పట్టుకుంటుంది. షూటింగ్ రాత్రిదాకా సాగినా, వయసుకు తగని బట్టలు తెచ్చినా, అమ్మను బయట కూర్చోమన్నా, పిల్లను తీసుకుని లేచి వచ్చేయడానికి కట్టిన డబ్బే అడ్డం పడుతుంది. ఈ పనిలో పిల్లల క్షేమమంతా పెద్దవాళ్లు ఏ క్షణాన్నైనా వద్దనగలగడం మీదే ఆధారపడి ఉంది.

చట్టం లేదా అంటే ఉంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టడాన్ని నిషేధిస్తూనే, సినిమాల్లో, సీరియళ్లలో, ప్రకటనల్లో నటించేవాళ్లకు చదువు దెబ్బతినకూడదన్న షరతుతో మినహాయింపు ఇచ్చింది. 2017 నిబంధనల ప్రకారం నిర్మాత ముందే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం ఇవ్వకుండా 3 గంటలు దాటించకూడదు, పిల్లల ఇష్టానికి వ్యతిరేకంగా ఏదీ చేయించకూడదు. మంచి నిబంధనలే. కానీ బట్టల కేటలాగు షూటింగ్ తలుపులు మూసిన స్టూడియోలో ఒక్క పూటలో అయిపోతుంది. అక్కడ గడియారం చూడడానికి కలెక్టరేట్ నుంచి ఎవరూ రారు. ఆ గదిలో చట్టం తరఫున నిలబడేది వెంట వెళ్లిన తల్లో తండ్రో మాత్రమే. అందుకే పిల్ల కంటికి ఆనేచోట కూర్చోనివ్వమని, బట్టలు తామే మారుస్తామని ముందే చెప్పాలి. కాదంటే ఆ పని ఒప్పుకోకూడదు.

వద్దనే శక్తిని పోగొట్టేది ముందుగా కట్టిన డబ్బే కాదు, తరవాత వచ్చే డబ్బు కూడా. చాప్లిన్ తీసిన ‘ది కిడ్’ (1921)లో నటించిన జాకీ కూగన్ చిన్నతనంలో సంపాదించినదాంట్లో చాలా భాగం తల్లి, సవతి తండ్రి చేతుల్లో ఖర్చైపోయింది. అతను 1938లో కోర్టుకెక్కాడు. మరుసటి ఏడాది కాలిఫోర్నియా బాల నటుల ఆదాయాన్ని కాపాడే చట్టం చేసింది. మన నిబంధనలూ సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటాయి. నన్నడిగితే ప్రయాణ ఖర్చులు పోను మొత్తం అక్కడికే వెళ్లాలి. ఇంటి వాయిదాలు ఆ డబ్బుతో కట్టడం మొదలైతే, జ్వరంతో ఉన్న పిల్లను కూడా షూటింగ్‌కి లేపే రోజు వస్తుంది.

పోర్ట్‌ఫోలియో లేకపోతే ఎవరు చూస్తారంటారు. చిన్నపిల్లల ముఖం ఆరు నెలల్లో మారిపోతుంది, పళ్లు ఊడతాయి, ఎత్తు పెరుగుతారు. ఎంపిక చేసేవాళ్లకు కావలసింది ఇవాళ్టి ముఖం, ఎత్తు, బట్టల సైజు, చెప్పుల సైజు. కిటికీ వెలుగులో, ఖాళీ గోడ ముందు, మేకప్ లేకుండా ఫోన్‌తో తీసిన నాలుగైదు ఫోటోలు అందుకు చాలు. పని ఇప్పించి కమీషన్ తీసుకునే ఏజెన్సీకి పిల్లకు పని దొరకడం అవసరం. ముందే ఫీజు పుచ్చుకునేవాళ్లకు ఆ అవసరమే లేదు.

ఇన్ని షరతులు పెడితే అవకాశాలు పోతాయన్నది ఇంకో అభ్యంతరం. కొన్ని పోతాయి, నిజమే. న్యూయార్క్ రాష్ట్రం 2013లో 18 ఏళ్లలోపు మోడళ్లను బాల కళాకారుల చట్టం కిందికి తెచ్చింది. అక్కడ ఫ్యాషన్ వ్యాపారం ఆగిపోలేదు. షరతు వినగానే ముఖం చాటేసే సంస్థ, షూటింగ్ మధ్యలో పిల్ల ఏడిస్తే ఆపుతుందని నేననుకోను. పిల్లకే సరదాగా ఉందంటారా, ఆ సరదా నిన్నటిది కావచ్చు. మేకప్ వేశాక, పదిమంది ఎదురుచూస్తుండగా, అయిదేళ్ల పిల్ల నోరు తెరిచి చాలు అనలేదు. చెయ్యి పట్టుకుని రెండుసార్లు నొక్కితే ఇంటికి వెళ్లిపోదామని అర్థమని ఇంట్లోనే చెప్పి ఉంచాలి, నొక్కిన రోజు వెళ్లిపోవాలి.