నిదానముగా వాయించుట నేరమా?

సంగీతమును గూర్చి పండితులు ఒకరితో నొకరు విభేదించినప్పుడు సామాన్య శ్రోతకు ఒక విధమైన ఊరట కలుగుట సహజము. పెద్దలకే పొత్తు కుదరని చోట నాకు తెలియకపోవుటలో వింత యేమున్నదని అతడు అనుకొనును. అయితే ఆ తగవు దేనిని గూర్చి పుట్టినదో కొంచెము ఓపికతో విచారించినయెడల, అంతకుముందు మన చెవికి అందనిది ఏదో ఆ కృతిలో వినబడుట కలదు. అట్టి తగవులలో మిక్కిలి పేరుపొందినది 1962 ఏప్రిల్ 6వ తేదీ రాత్రి న్యూయార్కు నగరములోని కార్నెగీ హాలులో బయలుపడినది.

ఆ రాత్రి న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాకు నాయకుడు లియొనార్డ్ బెర్న్‌స్టైన్. పియానో వాయింపవలసినవాడు కెనడా దేశములోని టొరాంటో నగరవాసియైన గ్లెన్ గూల్డ్. అప్పటికి అతనికి 29 సంవత్సరములు. కృతి యోహన్నెస్ బ్రామ్స్ రచించిన డి మైనరు పియానో కన్సర్టో. కన్సర్టో అనగా ఒక్క వాద్యమును ఒకవైపునను, నిండు ఆర్కెస్ట్రాను మరియొక వైపునను నిలిపి వ్రాసిన పెద్ద కృతి. గూల్డ్ వేదికమీదికి రాకముందే బెర్న్‌స్టైన్ ఒంటరిగా వచ్చి సభవైపు తిరిగి నిలిచెను. కచేరీలను చివరి గడియలో మానుకొనుటలో గూల్డ్ పేరుపడినవాడు గనుక సభికులు కీడు శంకించిరి. భయపడనక్కరలేదు, అతడు వచ్చియేయున్నాడని చెప్పి బెర్న్‌స్టైన్ తన మాట మొదలుపెట్టెను.

ఆయన చెప్పినదాని సారమిది. వినబోవు వాద్యము సామాన్యమైనది కాదు. దాని నడక మిక్కిలి విశాలమైనది. బిగ్గరగాను మెల్లగాను వాయింపవలెనని బ్రామ్స్ పెట్టిన గుర్తులను సయితము గూల్డ్ పలుచోట్ల విడిచినాడు. ఈ భావనతో తాను పూర్తిగా ఏకీభవింపడు. అట్లయిన ఇంకొకరికి అప్పగింపక తానే ఏల నిలిచినాడు? ఏలయనగా గూల్డ్ చిత్తశుద్ధిగల కళాకారుడు. అట్టివాడు నమ్మి తలపెట్టినదానిని తేలికగా త్రోసివేయరాదు. అతని వాద్యములో కొన్నిచోట్ల ఆశ్చర్యమైన క్రొత్తదనము కలదు. పైగా సంగీతములో కొంత సాహసమునకు చోటుండవలెను. కన్సర్టోలో యజమాని ఎవరు, వాద్యకారుడా, నాయకుడా, అని ఆయన తానే ప్రశ్న వేసి, సందర్భమునుబట్టి ఒకప్పుడు ఒకరు, ఒకప్పుడు మరియొకరు అని తానే జవాబిచ్చెను. సభ నవ్వెను. ఈ మాటలు చెప్పబోవు సంగతి ఆయన గూల్డ్‌కు ముందే తెలియజేసియుండెను. గూల్డ్ సంతోషముతో ఒప్పుకొనెను. ఈ చిన్న సంగతిని తరువాత చాలమంది మరచిపోయిరి.

ఇంతకును తగవు నడకను గూర్చినది. నడక యనగా ఏమో మన కీర్తనలు పాడువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కీర్తనల పుస్తకములో పల్లవికి పైన రాగమును తాళమును అచ్చువేసియుందురు గాని ఎంత కాలములో పాడవలెనో వ్రాయరు. అందుచేత ఒక ఊరి సంఘములో చౌకకాలమున సాగు కీర్తన పొరుగూరిలో డోలకు పట్టిన వాని చేతిని బట్టి పరుగెత్తును. రెండు ఊళ్లవారును తమదే అసలు పద్ధతి యందురు. బ్రామ్స్ కన్సర్టో మొదటి భాగపు శిరస్సున అచ్చుప్రతిలో ఉన్నది ‘మాయెస్టోసో’ అను ఒక్క ఇటాలియను మాట. ఘనముగా, గాంభీర్యముతో అని దాని భావము. నిమిషమునకు ఎన్ని దెబ్బలు పడవలెనో చెప్పు సంఖ్య అక్కడ లేదు. ఆవర్తమునకు ఆరు దెబ్బలు. ఆ ఆరింటిని మూడేసి చొప్పున రెండు గుంపులుగా కట్టి రెండు పెద్ద అంగలుగా నడిపింపవచ్చును, లేదా ఆరు దెబ్బలను విడివిడిగా ఆరు అడుగులుగా వేయవచ్చును. చాలమంది మొదటి దారిని పోవుదురు. గూల్డ్ రెండవ దారిని కోరెను. ఆ రాత్రి మూడు భాగములు ముగియుటకు సుమారు 53 నిమిషములు పట్టినది. మామూలుగా 45 మొదలు 50 నిమిషములలో ఈ కృతి ముగియును.

కృతి పుట్టుక తెలిసినవారికి గూల్డ్ కోరిక అంత వింతగా తోచదు. 1854 ఫిబ్రవరిలో, బ్రామ్స్‌ను లోకమునకు పరిచయము చేసిన పెద్దవాడగు రాబర్ట్ షూమన్ మతి చెదరి రైను నదిలో దూకెను. అతనిని ఒడ్డుకు చేర్చిరి గాని తరువాత రెండేండ్లు ఆశ్రమములో ఉండి 1856లో అతడు మరణించెను. ఈ సంగీతము ఆ దినములలో పుట్టినది. మొదట రెండు పియానోలకు సొనాటాగా, పిమ్మట సింఫనీగా, చివరకు కన్సర్టోగా బ్రామ్స్ దానిని మార్చి మార్చి వ్రాసెను. అనగా ఇది పియానోవాని చేతివాటమును చూపుటకై పుట్టిన కృతి కాదు. ఆ తొలి సొనాటాలో ఉండి, కన్సర్టోలో చేరకుండ మిగిలిపోయిన ఒక భాగము ఏమైనదో వినుడి. అది ఆయన ‘జర్మన్ రెక్వియం’లో రెండవ భాగమై, సర్వశరీరులు గడ్డినిపోలినవారను అపొస్తలుని మాటకు సంగీతమైనది, 1868లో శుభ శుక్రవారమున బ్రెమెన్ పట్టణపు పెద్ద దేవాలయములో వినబడినది. ఆ భాగము శవయాత్రవలె మెల్లమెల్లగా నడచునని విన్నవారందరు ఎరుగుదురు. ఒకే గని నుండి తీసిన రెండు రాళ్లలో ఒకటి అంత బరువైనదై యుండగా, రెండవదానిని బరువుగా ఎత్తినవానిని వెఱ్ఱివాడని యెట్లనగలము?

కృతికి తిరస్కారము క్రొత్త కాదనుట కూడ ఇక్కడ చెప్పవలెను. 1859 జనవరి 22న హానోవరులో బ్రామ్స్ తానే పియానో వాయింపగా, మిత్రుడు యోవాకిం ఆర్కెస్ట్రాను నడిపెను. ఐదు దినములైన తరువాత లైప్జిగ్‌లో మరల వాయించినప్పుడు సభలో కొందరు బుసకొట్టిరి. బ్రామ్స్‌కు అప్పటికి 25 సంవత్సరములు.

ఇక కార్నెగీ హాలునకు వత్తము. మరునాటి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఆ పత్రిక ప్రధాన సంగీత విమర్శకుడగు హెరొల్డ్ షోన్‌బెర్గ్ తన సమీక్షను ఒక కల్పిత మిత్రునికి లేఖగా, వచ్చీరాని ఇంగ్లీషులో, ఎగతాళిగా వ్రాసెను. అందులో ఎక్కువగా గాయపరచినది ఒక సూచన: గూల్డ్ ఇంత మెల్లగా వాయించుట బహుశః అతని వ్రేళ్లకు ఆ పని చేతకాకపోవుటవలననేమో అని. ఇది విమర్శ కాదని నా అభిప్రాయము. వాద్యమును విన్నవాడు వాద్యమును తూచవచ్చును. వాయించినవాని మనస్సులో లేని సాకును కల్పించి దానిని తూచుట వేరు పని. పైగా సాక్ష్యము కూడ ఈ మాటకు విరోధముగానే ఉన్నది. ఏడేండ్లకు ముందు, 1955లో, ఇదే గూల్డ్ బాఖ్ యొక్క గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లను రికార్డు చేసినప్పుడు ఆ వేగమునకు, ఆ స్పష్టతకు లోకము నివ్వెరపోయినది. 38 నిమిషములకు కొంచెము పైగా ఆ రికార్డు ముగిసినది. 1981లో అదే కృతిని మరల రికార్డు చేసినప్పుడు, కొన్ని పునరావృత్తులు చేర్చిన మాట నిజమే గాని, 51 నిమిషములు పట్టినది. చేతకాక నెమ్మదించిన చేతులు కావవి. అతడు ప్రతి కృతిని వేరుగా ఆలోచించువాడు. ఆ ఆలోచన ఒప్పా తప్పా అనుటయే మన ముందున్న ప్రశ్న.

అతని ఆలోచన యేమి? కన్సర్టో అనగా ఒక శూరుడు సైన్యముతో పోరాడు ఆట అను తలంపు గూల్డ్‌కు బొత్తిగా గిట్టలేదు. అదే సంవత్సరము చప్పట్లను నిషేధింపవలెనని ఒక వ్యాసము వ్రాసినవాడతడు! పియానో ఆర్కెస్ట్రాలో ఒక భాగముగా కలిసి నడువవలెననియు, మెత్తని ఘట్టమునకు ఒక నడక, ఉగ్ర ఘట్టమునకు ఒక నడక అని విడదీయక కృతియంతటికి ఒక్క నాడి ఉండవలెననియు అతడు కోరెను.

రికార్డులో దీని ఫలము వినవచ్చును. ప్రారంభమున భేరులు, కొమ్ములు, మంద్ర తంత్రులు ‘డి’ స్వరమును మ్రోగించుచుండగా, వాటిపైన వయొలిన్లు విరుచుకొనిపడును, స్వరములు వణకును. మామూలు నడకలో ఇది ఉరుము. గూల్డ్ నడకలో ఇది బండ దొర్లించుట. దీనిలో భయము తగ్గి భారము హెచ్చినది. నాకు ఇది నష్టమని తోచదు. ఆర్కెస్ట్రా చాలసేపు నడచిన పిమ్మట పియానో ప్రవేశించుచోట లాభము మరింత స్పష్టము. ఇక్కడ బ్రామ్స్ పియానోకు గర్జన ఈయలేదు. జంట స్వరములతో సాగు మెల్లని విలాపమును ఇచ్చెను. ఇతరుల చేతిలో పైస్వరము ఒక్కటే మనకు అందును. గూల్డ్ బాఖ్‌ను వాయించి వాయించి లోపలి గొంతులను వేరుచేయుట నేర్చినవాడు గనుక క్రిందిది పైదానితో పలుకుచున్నట్లు వినబడును. ఈ ఒక్క పుట కొరకే ఆ రికార్డును దాచుకొనవచ్చును.

అయితే కొంచెము ముందుకు పోయినచో చిక్కు వచ్చుచున్నది. ఆర్కెస్ట్రా మౌనముగా ఉండగా పియానో ఒంటరిగా, కీర్తనవలె నిండు స్వరములతో, ఎఫ్ మేజరులో ఒక క్రొత్త రాగము నెత్తుకొనును. ఇక్కడ బ్రామ్స్ తన చేతితో, ఇంకను కొంచెము నెమ్మదిగా, అని గుర్తు పెట్టెను. అనగా నడక మారవలెనని కర్తయే కోరినాడు. ముందే నెమ్మదించినవాడు ఇక్కడ ఇంకెక్కడికి నెమ్మదించును? గూల్డ్ ఒక్క నాడిని కాపాడుకొనుటకై కర్త మాటను దాటిపోయెను. అచ్చుప్రతిలో లేని సంఖ్యను గూర్చి ఎవరి ఇష్టము వారిది కావచ్చును. ఉన్న మాటను గూర్చి అట్లు కాదు. ఆ తరువాత రెండు చేతులతో జంట స్థాయిలలో పియానో పిడుగువలె పడవలసినచోట ఆ నెమ్మది వలన నిప్పు ఆరిపోయినది. షోన్‌బెర్గ్ ఈ రెండు చోట్లను చూపియుండినయెడల అతని తీర్పునకు ఎదురుండెడిది కాదు.

రెండవ భాగమైన అడాజియోకు కూడ ఆవర్తమునకు ఆరు దెబ్బలే. దీని చేతివ్రాత ప్రతిలో బ్రామ్స్ ‘బెనెడిక్టుస్’ అను లాటిను స్తుతివాక్యమును వ్రాసికొనియుండెను. అది ప్రభువు యెరూషలేములో ప్రవేశించినప్పుడు జనులు కేకలు వేసి పలికిన మాట. క్లారా షూమన్‌కు వ్రాసిన లేఖలో మాత్రము ఇది ఆమె చిత్తరువని చెప్పెను. రెండు మాటలకును పొత్తు ఎట్లు కుదురునో పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. గూల్డ్ ఈ భాగమును చక్కగా, ఆడంబరము లేక వాయించెను. కాని మొదటి భాగము తుపానుగా గడిచియుండినచో గదా దీని నెమ్మది మనకు విశ్రాంతియగును! రెండును ఇంచుమించు ఒకే అడుగున నడచినప్పుడు అడాజియో రావలసినంత క్రొత్తగా రాదు. మూడవ భాగమును గూర్చి ఎక్కువ చెప్పను. దాని శిరస్సున వేగముగా, అయితే మితిమీరకుండ, అని ఉన్నది. గూల్డ్ రెండవ సగమును మాత్రమే చదివినట్లున్నది.

బెర్న్‌స్టైన్ చేసినదానిని గూర్చి కూడ అభిప్రాయములు రెండు. నమ్మనిదానిని నడిపింపక తప్పుకొనవలసినది, లేదా నడిపించి మౌనముగా ఉండవలసినది అని కొందరనిరి. తన మనస్సును దాచక చెప్పి, ఆ తరువాత మిత్రునికి నమ్మకముగా తోడుపడుటలో తప్పేమి అని కొందరనిరి. నేను రెండవవారితో చేరుదును గాని ఒక్క ఆక్షేపణ కలదు. ఆయన మాట వాద్యమునకు ముందు వచ్చినది. ఒక్క స్వరమైనను వినకముందే సభకు ఏమి వెదకవలెనో చెప్పబడినది. షోన్‌బెర్గ్ సమీక్షలో వాద్యము కంటె ఆ ప్రసంగపు ప్రతిధ్వనియే ఎక్కువగా ఉన్నది. వాద్యబృందము మాత్రము అక్కడక్కడ చెదరినను గూల్డ్ అడుగులోనే అడుగు వేసినది. నాయకుడు చాటుగా త్వరపెట్టిన జాడ ఎక్కడను లేదు. మనస్సు ఒప్పని పనిని చేతులు నమ్మకముగా చేయుట అరుదు.

గూల్డ్ 1964లో కచేరీలు మానివేసి, మిగిలిన కాలము రికార్డులకే అంకితమై, 1982 అక్టోబరు 4న మరణించెను. అతని జ్ఞాపకార్థమైన సంపుటములో బెర్న్‌స్టైన్, ఆ రాత్రి మాటలను జనులు ఎట్లు వక్రముగా అర్థము చేసికొనిరో చెప్పి విచారించెను. అయితే నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. 1980లలో ఆయన వియన్నా ఫిల్హార్మోనిక్‌తో, పోలండు దేశపు క్రిస్టియన్ జిమర్‌మన్ గారు పియానో వాయింపగా, ఇదే కన్సర్టోను రికార్డు చేసెను. దానికి పట్టిన కాలము సుమారు 54 నిమిషములు. ఎవరును వేదికమీద క్షమాపణ చెప్పలేదు, ఎవరును వ్రేళ్లను శంకింపలేదు. అందులో నిప్పు ఉన్నది, పిడుగులున్నవి, కర్త పెట్టిన గుర్తులకు మన్నన ఉన్నది. కాబట్టి గడియారము గూల్డ్ పక్షముననే సాక్ష్యమిచ్చినది గాని, గడియారము చెప్పలేని సంగతులలో అతనికి విరోధముగా చెప్పవలసినది ఇంకను మిగిలియేయున్నది.

1962 నాటి ఆ వాద్యమును సోనీ సంస్థ 1998లో రికార్డుగా వెలువరించినది. బెర్న్‌స్టైన్ ప్రసంగము దాని మొదట ఉన్నది. వినగోరువారు దానిని దాటించి, ముందు మూడు భాగములను విని, ప్రసంగమును చివర వినవలెను.