పుస్తకాల కొట్టులో పరిశోధన

అపరాధ పరిశోధక నవల పేరెత్తగానే మన విమర్శకులు ముఖం చిట్లిస్తారు. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను చాటుగా చదివినవారే సభలో ఆ ఊసెత్తరు. క్రిస్టఫర్ మోర్లే 1919లో వెలువరించిన ‘ది హాంటెడ్ బుక్‌షాప్’ ఈ చిన్నచూపుకు తగిన సమాధానం.

బ్రూక్లిన్‌లో రోజర్ మిఫ్లిన్ నడిపే పాత పుస్తకాల కొట్టులో, కార్లైల్ కూర్చిన క్రామ్‌వెల్ గ్రంథప్రతి ఒకటి పదేపదే మాయమై తిరిగి వస్తుంటుంది. దాని వెనుక ఉన్నది అధ్యక్షుడు విల్సన్‌ను చంపదలచిన బాంబు కుట్ర. చిక్కు విప్పడానికి పూనుకొన్నది గ్రంథపారంగతుడైన మిఫ్లిన్ కాదు, వ్యాపార ప్రకటనలు వ్రాసే యువకుడు ఆబ్రీ గిల్బర్ట్. పుస్తకం పోయినదన్న పత్రికా ప్రకటనను అతడు శ్రద్ధగా చదివాడు; అంతే. మిఫ్లిన్ ఉపన్యాసాలు కథను కుంటుపరుస్తాయి. ఐనా, నాకు అవే ఇష్టం!

అనువాదకునికి అసలు చిక్కు పేరులోనే ఉన్నది. ‘దయ్యాల కొట్టు’ అంటే మోసం; మోర్లే చెప్పిన ప్రేతాలు మహాగ్రంథాల ఆత్మలు. బస్తరులో దేవత ఆవహించిన సిర్హా పలుకుతాడు. దక్షిణాన కుంట, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు చెవిని పడుతుంది. అక్కడి శ్రోతకు ‘పూనకం’ అన్న మాట వివరించనక్కరలేదు. అయితే పూనేది మనిషికి గాని కొట్టుకు కాదు గదా! ఐనప్పటికీ ‘పూనిన పుస్తకాల కొట్టు’ అనే వ్రాసుకొన్నాను.